నీలం గట్టిది

కిరండూల్,
ఫిబ్రవరి 2016

చిరంజీవి దుర్గమ్మకు,

మీ ఆయన సీతయ్య పని మీద సుక్మా వచ్చి, అక్కడి నుంచి నా దగ్గరికి కూడా వచ్చాడు. అన్నం తిన్నాడు. వెళ్లేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, నీ ఎడమ రొమ్ములో గడ్డ తగులుతోందని చెప్పాడు. ఆ చెప్పులు వేసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. నా వైపు చూడలేదు.

మీ అక్క పోయి ఇంకా రెండేళ్లు నిండలేదు. నువ్వు నాకు ఎందుకు రాయలేదో అర్థమైంది. రాయవలసింది.

పామేడులో ఫోను పలకదు. చర్లలో వెంకన్న కొట్టు దగ్గర నలుగురి మధ్య నిలబడి మాట్లాడే సంగతి కాదు ఇది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఎప్పటిలాగే వెంకన్న కొట్టు చిరునామాకు వేస్తాను.

మీ అక్క తిరుపతమ్మకు ఏం జరిగిందో నీకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. విశాఖపట్నంలో మామూలు స్కాను అయ్యాక, డాక్టరు ఇంకో రకం స్కాను చేశాడు. స్కాను పిడిని గడ్డ ఉన్నచోట మెల్లగా నొక్కుతూ, వదులుతూ ఉన్నాడు. మెత్తటి కండ నొక్కితే అణుగుతుంది. గట్టి గడ్డ అణగదు. ఎక్కడ ఎంత అణిగిందో యంత్రం రంగుల్లో చూపిస్తుంది. మామూలు గడ్డలు చాలావరకు మెత్తగా ఉంటాయట. క్యాన్సరు గడ్డ గట్టిగా ఉంటుందట.

తెర మీద మీ అక్క గడ్డ నీలంగా కనిపించింది.

నేను గని ల్యాబులో ఖనిజం పరీక్షిస్తాను కదా. మా కొండలో బ్లూ డస్ట్ అని ఒక రకం ఇనుము ఉంది. నీలంగా ఉంటుంది. వేళ్ల మధ్య నలిపితే పిండిలా రాలిపోతుంది. ఈ కొండ మొత్తంలో దానికన్నా మెత్తనిది లేదు. తెర మీద నీలం చూడగానే నాకు అదే తోచింది. మీ అక్క వైపు చూసి, భయం లేదన్నట్టు తల ఊపాను. అప్పుడు డాక్టరు, నీలం అంటే గట్టిది అన్నాడు.

మీ అక్క నా మొహం చూసింది.

నీలం గట్టిది. అది నాకు అలా తెలిసింది. నువ్వు గుర్తుంచుకో.

హైదరాబాద్ డాక్టర్లు వచ్చే నెల భద్రాచలంలో శిబిరం పెడుతున్నారని ఇక్కడి ఆస్పత్రిలో చెప్పారు. ఆ స్కాను యంత్రం కూడా తెస్తారట. మిర్చి కోతకు ఎలాగూ చర్ల వైపు వస్తావు. ఒక రోజు కోత మానేసి వెళ్లు. ఏ రంగు కనిపించిందో వెంటనే నాకు రాయి.

నీ బావ,
రామనర్సయ్య


చర్ల, మిర్చి తోట కాడ,
మార్చి

బావకు దుర్గమ్మ దండాలు.

నీ ఉత్తరం అందింది. సీతయ్యను తిట్టిన. గడ్డ నాది, చెప్పేది నేను గదా అన్న. తల వంచుకొని బీడీ తాగిండు. నువ్వు రాయవలసింది అని రాస్తివి. ఎట్ల రాయాలె బావా? అక్క పెద్దకర్మ నాడు గోడకు ఆనుకొని కూసున్నవు, ఎవరు పలకరించినా ఊఁ అనలే. ఆ మనిషికి నాకూ గడ్డ ఉన్నదని ఎట్ల రాయాలె?

శిబిరానికి పోయిన. ఒక్కదాన్నే పోతే భయమని మంగిని తోలుకపోయిన. మంగి మా పక్కింటి దోర్ల తెగ మనిషి, నీకు తెల్వదు. నేను బతికేది సగం దాని నవ్వుల మీదనే. అక్కడ లైను చూసి ఏమన్నదో తెలుసా? “ఉత్తగనే చేస్తున్నరంటే నాది కూడ చూపిస్త, నాకూ ఉన్నది గదా ఒకటి” అన్నది. ఏండ్ల సంది ఉన్నదంట. పక్క పక్క సాళ్లల్ల మిర్చి కోస్తం, ఒక్క మాట చెప్పలే నాకు. అది నవ్వింది. నేను నవ్వలే.

లోపల డాక్టరమ్మ చల్లటి జిగురు రాసింది. నువ్వు రాసినట్టు నొక్కలే. పిడి ఆనించి కదలకుంట పట్టుకున్నది. ఊపిరి బిగబట్టుమన్నది. నేను కండ్లు మూసుకున్న. అక్కకు దండం పెట్టుకొని తెరిచిన.

ఎరుపు, బావా. కళ్లంల ఆరబోసిన మిరపకాయ ఎట్లుంటదో అట్ల. నడుమ ఎరుపు, చుట్టు పచ్చ. నాకు ఏడుపొచ్చింది. డాక్టరమ్మ నొప్పయితుందా అన్నది. కాదమ్మా, సంతోషం అన్న. ఆమె నన్ను వింతగ చూసింది.

తర్వాత మంగి పండుకున్నది. నేను పక్కనే నిలబడ్డ. దాని గడ్డ నీలం. తెల్లబట్టకు పెట్టే నీలిమందు అట్ల. మంగి తెర దిక్కు చూసి, “మంచిగున్నది, పండుగ చీర లెక్క” అన్నది.

డాక్టరమ్మ దాన్ని అప్పుడప్పుడు చూపించుకోమన్నది. దానికి నేనేం చెప్పలే. కాయితాలు ఇచ్చిండ్రు, అంతా ఇంగ్లీషే. మంగి తనది కొంగున కట్టుకున్నది, ఎవరికీ ఇయ్యదు. నేను ఏం చెయ్యాలె? దానికి చెప్పాలెనా వద్దా? నీకే ఎరుక, రాయి.

నీ మరదలు,
దుర్గమ్మ


కిరండూల్,
మార్చి నెలాఖరు

చిరంజీవి దుర్గమ్మకు,

ఎరుపు అన్న మాట దగ్గర ఉత్తరం ఆపి, తిరుపతమ్మ ఫోటో ఉన్న గదిలోకి వెళ్లి చెప్పాను. ఇంట్లో చెప్పడానికి ఇంకెవరూ లేరు.

చాలా రోజుల తర్వాత ఆ పూట వేడిగా వండుకుని తిన్నాను.

మంగి సంగతి. ఇప్పుడే చెప్పకు. భయపడితే రాదు. మీ అక్క కూడా మొదట భయపడి, పండగ వెళ్లాక చూద్దాం, వానలు తగ్గాక చూద్దాం అంటూ చాలా కాలం పోగొట్టింది. ఆ కాలం ఎంత విలువైనదో మాకు తర్వాత తెలిసింది. మంగిని జగదల్‌పూర్ పంపించు. నేను కిరండూల్ నుంచి వచ్చి బస్టాండులో ఉంటాను. అక్కడి ఆస్పత్రి డాక్టరు నాతో చదువుకున్నవాడి కూతురు. అంతా నేను చూసుకుంటాను. వానలు మొదలైతే మీ వాగు దాటలేరు. ఆలోపే పంపాలి.

అంతవరకు బరువులు మోయనివ్వకు. మంచి తిండి పెట్టు.

నీ గురించి ఇక బెంగ లేదు. ఆ మాట రాయగలుగుతున్నాను, అది చాలు.

బావ


పామేడు,
మే

బావకు దండాలు.

ఆలస్యమైంది, ఏమనుకోకు. బీడీల తునికాకు కోత నడుస్తున్నది. చీకటితోనే అడవికి పోయి, ఎండ ముదిరేసరికి వచ్చి కట్టలు కట్టుడు. ఊరంతా ఆకు వాసనే.

ఇంకోసారి చూపించుకుందువు రా అని మంగిని కదిలిద్దామంటే కదలదు. ఆకు కోత అయిపోయినాకనే వస్త అంటది. నువ్వు చెప్పినట్టు దాన్ని బరువు ముట్టనిస్తలే. నా మోపు, దాని మోపు నేనే మోస్తున్న. కోడిని కోస్తే సగం కూర దానింటికే పోతది. నాటుకోళ్లు అన్నీ అయిపోవచ్చినయి. సీతయ్య గొణుగుతున్నడు. మనిషి పోయేటట్టున్నది, కోళ్ల లెక్క చూస్తవా అన్న. నోరు మూసిండు.

మంగికి అనుమానం వచ్చింది. మొన్న గిన్నె తీసుకొని, నడుము మీద చెయ్యి పెట్టుకొని అడిగింది. “ఏంది దుర్గా, పండక్కి నన్ను బలి ఇస్తవా? ఇట్ల మేపుతున్నవు.” అందరు నవ్విండ్రు. నేను కూడ నవ్విన. ఇంట్లకొచ్చి పొయ్యి కాడ కూసొని ఏడ్చిన. బుగ్గలు నిండినయి దానికి, బావా. అక్కకు కూడ మొదట్ల అట్లనే ఉండె గదా.

పోయే మనిషిని రోజూ చూసుకుంట నవ్వుడు ఎంత కష్టమో నీకు చెప్పేదేమున్నది. నువ్వు చేసినవే గదా అది.

నేను మంచిగున్న. నా గడ్డ జర పెరిగినట్టు అనిపిస్తది. రెండు మోపులు మోస్తున్న గదా, కండ వాచినట్టుంది. ఎరుపు గదా, ఊకున్న.

ఆకు కోత రేపో మాపో అయిపోతది. మంగి పెనిమిటి హుంగాతో మాట్లాడిన. మొదటి వాన పడకముందే ఇద్దరిని బస్సెక్కిస్త. దాన్ని తిట్టకు బావా. మొండిది గానీ మనసు మంచిది. మెల్లగ చెప్పు. నువ్వు చెప్తే తట్టుకుంటది.

దుర్గమ్మ


జగదల్‌పూర్,
జూన్

దుర్గమ్మకు,

ఇది చదవగానే బయలుదేరు. మళ్లీ చదువుకోవడానికి దారిలో టైం ఉంటుంది.

మంగికి ఏమీ లేదు. నీకు సూది పరీక్ష వెంటనే జరగాలి. ఎందుకో రాస్తాను.

నిన్న మంగీ హుంగా వచ్చారు. తోంగ్‌పాల్ దగ్గర చెట్టు పడి బస్సు ఆగిందట, సాయంత్రమైంది. ఈ పొద్దున ఆస్పత్రికి వెళ్లాం. మంగి కొంగు ముడి విప్పి కాగితాలు డాక్టరమ్మ చేతికే ఇచ్చింది. నాకు ఇవ్వలేదు. డాక్టరమ్మ చదివింది. గడ్డ తడిమి చూసింది. తన యంత్రంతో కూడా చూసింది. ఇది మెత్తటి గడ్డ, చాలామందికి ఉంటుంది, భయం లేదు, అప్పుడప్పుడు వచ్చి చూపించుకో అని మంగితో చెప్పింది.

నీలంగా ఉంది కదా అని నేను అన్నాను. మెత్తగా ఉంది కాబట్టే నీలం అంది. కాదు, నీలం గట్టిది అన్నాను. ఆవిడ మళ్లీ చెప్పబోయింది. నా గొంతు పెరిగింది. నా భార్య నీలంతోనే పోయిందమ్మా అన్నాను. గది బయట ఉన్నవాళ్లు లోపలికి తొంగి చూశారు.

ఆవిడ కోప్పడలేదు. మీ భార్యకు పిడితో నొక్కుతూ చూశారా, ఆనించి పట్టుకున్నారా అని అడిగింది. నొక్కుతూ అన్నాను. అది వేరే రకం యంత్రం అంది. దానిలో నీలం గట్టిది. మంగికి చేసింది ఆనించి పట్టుకునే రకం. అది తనంతట తనే కండలోకి అల పంపి, ఆ అల ఎంత వేగంగా పోయిందో కొలుస్తుంది. దానిలో గట్టిది ఎరుపు. ఏ రంగు దేనికి పెట్టాలో తయారుచేసేవాళ్ల ఇష్టం. అందరిదీ ఒకటి కాదు. బొమ్మ అంచున సన్నటి రంగుల పట్టీ ఉంటుంది, ఏ కొస గట్టిదో అక్కడే రాసి ఉంటుంది. డాక్టరమ్మ మంగి కాగితం నా వైపు తిప్పి చూపించింది.

రాసి ఉంది. పైకొసన ఎరుపు, గట్టిది. కిందికొసన నీలం, మెత్తనిది.

మంగి బతుకుతుంది అని సంతోషించాను. ఆ సంతోషం ఎంతసేపు ఉందో చెప్పలేను. నువ్వు రాసిన మాట గుర్తొచ్చింది. నొక్కలే, ఆనించి పట్టుకున్నది అని రాశావు. మార్చిలోనే రాశావు. నేను చదివాను.

“అయితే ఎరుపు?” అన్నాను.

“ఎవరిది ఎరుపు?” అంది డాక్టరమ్మ.

వెనక బల్ల మీద కూర్చున్న మంగి చెప్పింది.

“దుర్గది.”

తనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కోళ్లు ఎందుకు కోశావో, మోపులు ఎందుకు మోశావో అక్కడే, ఆ గదిలోనే తెలుసుకుంది. కాసేపు హుంగా వైపు చూసింది. తర్వాత లేచి చీర దులుపుకుంది. “చావని దానికి కూడు పెట్టింది. పిచ్చిది. పద, పోదాం” అంది.

డాక్టరమ్మ ఒక మాట గట్టిగా చెప్పింది. రంగు తీర్పు కాదు. గట్టిగా ఉన్నవన్నీ చెడ్డవి కావు, మెత్తగా ఉన్నవన్నీ మంచివీ కావు. సూది వేసి ముక్క తీసి చూస్తేనే తెలుస్తుంది. ఏం చేయాలో నీ కాగితంలో కచ్చితంగా రాసి ఉంటుంది అంది. నేను నీ కాగితం అడగలేదు. రంగు అడిగాను.

వెంకన్న కొట్టుకు ఫోను చేశాను. వాగు వచ్చింది, పామేడు మనిషి ఎవరూ దిగలేదు అన్నాడు. ఎక్కడ దాటాలో హుంగాకు తెలుసని మంగి అంటోంది. ఈ ఉత్తరం రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మంగికి ఇస్తున్నాను. తడిసినా ఫరవాలేదు. సంగతి మంగికి తెలుసు.

ఇటు రాకు, దూరం. చర్ల మీదుగా వరంగల్ వెళ్లు. నేను అక్కడికే వస్తున్నాను.

రామనర్సయ్య


వరంగల్, ఆస్పత్రి,
ఆగస్టు

బావకు దండాలు.

డ్యూటీ ఉన్నదని నువ్వు కిరండూల్ పోయినాక వార్డు చప్పబడ్డది. కూసొని రాయనిస్తున్నరు ఇప్పుడు. ఆపరేషనైనాక ఎడమ చెయ్యి ఇంకా లేవదు. రాసేది కుడి చెయ్యే గదా.

నువ్వున్నప్పుడు అడగలే, నేను చెప్పలే. ఆ రోజు ఎట్ల వచ్చిన్నో చెప్త. మంగి ఇంట్లకు రాంగనే ఉత్తరం ఇయ్యలే. పొయ్యి మీద కుండ దించింది. నిప్పు మీద నీళ్లు చల్లింది. “లే” అన్నది. ఏందే అంటే చెప్పది. సీతయ్యను పొలంలకెళ్లి పిలిపించింది. వాగు ఒడ్డుకు పోయినాక ఇచ్చింది ఉత్తరం. నిలబడి చదివిన. బావా, అప్పటిదాంక నేను దానికోసం ఏడుస్తుంటి. నా కోసం ఏడ్వాలెనని తెలిసేసరికి కంట్ల నీళ్లే రాలే. చెట్టుకు కొట్టిన గొడ్డలి అట్లనే ఇరికినట్టయింది. హుంగా దోనె తెచ్చిండు. నీళ్లు ఎర్రగ, దుంగలు కొట్టుకొస్తున్నయి. మంగి నా జబ్బ వదల్లే. అద్దరికి పోయినాక చూస్తే దాని గోర్లు దిగినయి.

సూదిల క్యాన్సరే అని తేలింది, అది నీకు ఎరుకే. నిన్న పెద్ద డాక్టరు వచ్చి చంకల గడ్డలకు పాకలే అన్నడు. మందు ఎక్కించుడు మొదలుపెడ్తరంట. వానాకాలం దాటి వస్తే వేరే మాట చెప్తుంటి అన్నడు. సీతయ్య ఆయన కాళ్లు పట్టుకోబోతే తిట్టిండు.

ఇంకొకటి చెప్పాలె. నీ దగ్గర దాచిన. కాయితం ఇంగ్లీషులున్నదని రాసిన. నిజమే. కానీ శిబిరం డాక్టరమ్మ తెలుగులనే చెప్పింది నాకు. సూది పరీక్ష చేయించుకోవాలె, నెల లోపల వరంగల్ పోవాలె అన్నది. నేను నవ్విన. మాది చూసిన ఇల్లే అమ్మా, మా బావ కాలేజీల చదివిండు, నీలమైతేనే భయమని ఆయనే రాసిండు, నాది ఎరుపు అన్న. ఆమెకు అర్థం కాలే. చెయ్యి పట్టుకొని మల్ల చెప్పింది. వెనక లైను ఒత్తుకొచ్చింది. నేను బయటికొచ్చిన.

సూది అన్నరని రాస్తే నువ్వు మల్ల ఆస్పత్రుల చుట్టు తిరుగుతవు. అక్కతోని తిరిగింది చాలదా అనుకున్న. నీ మీద కోపం లేదు. నువ్వు మంచికే చెప్పినవు. దాస్తే బరువైతున్నదని చెప్పిన, అంతే.

మంగి ఇక్కడనే ఉన్నది. ఊరికి పోమంటే పోదు. వార్డుల ఆడోళ్లందరి గడ్డల సంగతి దానికే కావాలె. నాకు రోజూ గుడ్డు పెడ్తది. తినకుంటే, “నేను తిన్న కోళ్లన్నీ కక్కమంటవా?” అంటది.

వచ్చే నెల కుడి దిక్కు కూడ ఆ రంగుల స్కాను చేస్తరంట. నాకు భయమైతున్నది. నువ్వు రా. ఏ రంగొచ్చినా నువ్వు చూసి చెప్పు.

దుర్గమ్మ


కిరండూల్,
సెప్టెంబరు

చిరంజీవి దుర్గమ్మకు,

శిబిరంలో డాక్టరమ్మతో నువ్వు అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఉత్తరం బల్ల మీద పెట్టి వరండాలో కూర్చున్నాను. గని బస్సులు వెళ్లాయి, వచ్చాయి. లోపలికి వచ్చేసరికి ఆ మాట అక్కడే ఉంది.

మీ అక్క స్కాను బొమ్మ బీరువాలోంచి తీశాను. అంచున పట్టీ ఉంది. నీలం కొస పక్కన, గట్టిది అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలు. ఆ బొమ్మ నేను ఎన్ని రాత్రులు చూశానో. గడ్డనే చూశాను.

ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజు నేనే చెబుతాను. రంగు చూసి ఇనుము ఎంతో రాయవద్దు, రాయిని పొడి చేసి కరిగించి అప్పుడు రాయండి అని. ఇవాళ కూడా ఒక పిల్లవాడికి చెప్పాను. మధ్యలో మాట ఆగిపోయింది. నీళ్లు తెమ్మంటారా సార్ అన్నాడు.

చంకలోకి పాకలేదన్న మాట తిరుపతమ్మ ఫోటో దగ్గర చెప్పలేదు. మార్చిలో ఒకసారి చెప్పి వచ్చాను. ఈసారి మందులన్నీ అయ్యాక చెబుతాను.

సెలవు పెట్టాను. స్కాను రోజుకు వస్తాను. మంగితో చెప్పు, నాకు గుడ్లు పెట్టవద్దని.

లోపలికి మాత్రం రాను. బయట బల్ల మీద కూర్చుంటాను. నువ్వు తెర వైపు చూడకు, డాక్టరమ్మ మొహం వైపు చూడు. ఆవిడ చెప్పేది చివరిదాకా విను. అర్థం కాకపోతే మళ్లీ అడుగు. వెనక లైను ఒత్తుకొస్తే మంగి చూసుకుంటుంది.

బయటికి వచ్చాక ఆవిడ ఏమందో చెప్పు. రంగు చెప్పకు.

బావ